బులెటిన్‌లో అంకె సరే, అది ఏ రోజుది?

సంపాదకులు గారికి,

జ్వరాల సీజన్‌లో ఎక్కడైనా నాలుగు కొత్త కేసులు అని టీవీలో స్క్రోలింగ్ మొదలైతే చాలు, "2020లో కరోనా లెక్కలు దాచినట్టే మళ్లీ దాస్తారు" అన్న మాట వినబడుతుంది. లాక్‌డౌన్ అయిపోయి ఏళ్లు గడిచినా ఆ అనుమానం పోలేదు. జనానికి లెక్కలు తెలియవని కొట్టిపారేయడం తేలికే. కానీ అప్పట్లో రాష్ట్రాలు రోజూ ఇచ్చిన కరోనా బులెటిన్లు, ఢిల్లీలో కేంద్ర ఆరోగ్యశాఖ సాయంత్రం 4 గంటల ప్రెస్‌మీట్లు మళ్లీ తీసి చూస్తే అనుమానం సబబే అనిపిస్తుంది. అది పడాల్సిన చోట మాత్రం పడలేదు. అందరూ కేసుల అంకె మీద పోట్లాడారు. ఆ అంకె పక్కన రాయకుండా వదిలేసిన వివరాల గురించి అడిగినవాళ్లు తక్కువ.

మొదట గడియారం సంగతి చూద్దాం. కేంద్ర ఆరోగ్యశాఖ లెక్క ఉదయం 8 గంటలకు కట్టేవారు. ఆంధ్రప్రదేశ్ బులెటిన్ ఉదయం 9 నుంచి మర్నాడు ఉదయం 9 దాకా. తెలంగాణ బులెటిన్ మొదట్లో సాయంత్రాలు, రాత్రుళ్లు వచ్చేది. 2020 జూలై చివరి నుంచి ముందురోజు రాత్రి 8 వరకు లెక్కగట్టి పొద్దున విడుదల చేశారు. దాంతో ఒకే రాష్ట్రానికి ఒకే రోజున రెండు అంకెలు తిరిగేవి. వీటికి తోడు ల్యాబ్‌లు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పోర్టల్‌లో ఎక్కించే లెక్క మరొకటి. కేంద్రం పట్టిక అడుగున, కొన్ని కేసులను ఇంకా రాష్ట్రాలకు కేటాయించాల్సి ఉందని చిన్న అక్షరాల్లో రాసేవారు. ఒక దశలో అవి వేలల్లో ఉన్నాయి. ఆ గమనికను చదివి వినిపించిన ఛానెల్ అరుదు. "కేంద్రం అంత అంటోంది, రాష్ట్రం ఇంతే అంటోంది, మిగతావాళ్లు ఏమయ్యారు?" అని వాట్సాప్‌లో అడిగినవాళ్ల తప్పేముంది?

ఒక పాజిటివ్ బులెటిన్ దాకా ఎలా వస్తుందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. గొంతు నుంచి, ముక్కు నుంచి స్వాబ్ తీసి వైరస్ పాడవకుండా ఉంచే వీటీఎం ద్రవం ఉన్న గొట్టంలో వేస్తారు. మూడు పొరల ప్యాకింగ్ చేసి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ల్యాబ్‌కి పంపుతారు. వెంట ఆ మనిషి పేరు, వయసు, ఫోను, చిరునామా, లక్షణాలు రాసిన ఫారం వెళ్తుంది. ల్యాబ్‌లో ముందు ఆర్ఎన్ఏ, అంటే వైరస్ జన్యుపదార్థం తీయాలి, తర్వాత దాన్ని గుర్తించే పీసీఆర్ యంత్రంలో పెట్టాలి. ఒక ప్లేటులో 96 గుంటలుంటాయి. సరిచూసుకోవడానికి కొన్ని పోగా మిగిలినవే శాంపిళ్లకు. ప్లేటు నిండేదాకా ఆగితే ఆలస్యం, సగం ప్లేటుతో నడిపితే కిట్లు వృథా. ఫలితం పోర్టల్‌లోకి ఎక్కాక జిల్లా సిబ్బంది చిరునామా సరిచూస్తారు. ఒకే మనిషి రెండుసార్లు పరీక్ష చేయించుకుంటే ఒకటి తీసేయాలి. జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో ఉంటూ గాంధీ ఆసుపత్రిలో చేరిన మనిషిని జీహెచ్ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) లెక్కలో వేయాలా, సొంత జిల్లాలోనా అన్నది తేలాలి. ఫోను నంబరులో ఒక అంకె తప్పు పడితే ఆ మనిషి దొరకడు, కేసు ఊరూ పేరూ లేకుండా ఉండిపోతుంది. ఇవన్నీ దాటి బులెటిన్‌లో "ఈరోజు కొత్త కేసులు" అని కనబడే అంకెలో మూడు నాలుగు రోజుల కిందటి శాంపిళ్లు ఉండటం మామూలే. జనం మాత్రం దాన్ని ఈరోజు జబ్బుపడ్డవాళ్ల సంఖ్యగా చదువుకున్నారు, ఎందుకంటే బులెటిన్ అలాగే రాసింది.

ఆదివారాలు శాంపిళ్లు తగ్గేవి, ఆ వెనకే కేసులూ తగ్గేవి. "తగ్గుముఖం" అని శీర్షిక. రెండు రోజులకు మళ్లీ "విజృంభణ". 2020 జూన్ చివరి వారంలో హైదరాబాద్ చుట్టుపక్కల శిబిరాలు పెట్టి ఎక్కువ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు ల్యాబ్‌ల తట్టుకునే శక్తిని మించి వేల శాంపిళ్లు పేరుకుపోయాయి, రెండు రోజులు సేకరణే ఆపాల్సి వచ్చింది. చల్లగా ఉంచినా రోజులు గడిచే కొద్దీ శాంపిల్ మీద భరోసా తగ్గుతుంది. ఎక్కువ రోజులు దాచాలంటే మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్ కావాలి. అలా ఆపడం సాంకేతికంగా సరైన పనే. "ఇంకా ఫలితం రానివి" అనే గడి రోజూ బులెటిన్‌లో ఉండి ఉంటే ఆ రెండు రోజులు చూసి ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు.

ఇక పరీక్షలు. పిండి కొద్దీ రొట్టె అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. 2020 మే నెల నడుమకి ఆంధ్రప్రదేశ్ 2 లక్షల పరీక్షలు దాటింది, తెలంగాణ 25 వేల లోపే ఉంది. అప్పటికి ఆంధ్రలో కేసులు 2 వేలు దాటాయి, తెలంగాణలో సుమారు 1,400. అంకెలు మాత్రమే చూసినవాళ్లు ఇటువైపు "మన దగ్గర అదుపులో ఉంది" అని ఊపిరి పీల్చుకున్నారు, అటువైపు "మా దగ్గరే ఎందుకింత" అని తిట్టుకున్నారు. నూరు పరీక్షలకు ఎన్ని పాజిటివ్‌లో భాగిస్తే ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఆరు. ఈ నిష్పత్తి 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మే నెలలో చెప్పింది. భయపడాల్సినవాళ్లు ధీమాగా, కొంత ధీమాగా ఉండదగ్గవాళ్లు భయంగా గడిపారన్నమాట. తర్వాత నిమిషాల్లో ఫలితం చెప్పే యాంటీజెన్ కిట్లు వచ్చాక ఈ నిష్పత్తి కూడా కలగాపులగం అయింది. జూన్‌లో ఐసీఎంఆర్ అనుమతిచ్చిన మొదటి కిట్ నిజమైన పాజిటివ్‌లలో 50.6 నుంచి 84 శాతాన్నే పట్టుకోగలదని ఆ సంస్థే చెప్పింది. లక్షణాలుండి యాంటీజెన్‌లో నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ (పైన చెప్పిన ల్యాబ్ పరీక్ష) తప్పక చేయాలన్నది నిబంధన. రెండు రకాల పరీక్షలనూ కలిపి ఒకే మొత్తంగా వేస్తే శాతం దానంతటదే కిందికి దిగి కనిపిస్తుంది.

ఢిల్లీ ప్రెస్‌మీట్లలో ఎక్కువగా వాడిన మాట "కేసులు రెట్టింపు కావడానికి పట్టే రోజులు". ఏప్రిల్ 20న, లాక్‌డౌన్‌కు ముందు 3.4 రోజులున్నది 7.5 రోజులైందని, తెలంగాణకు 9.4, ఆంధ్రకు 10.6 అని చెప్పారు. దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు: 70ని రెట్టింపు రోజులతో భాగిస్తే రోజుకు ఎంత శాతం పెరుగుతున్నాయో ఇంచుమించుగా వస్తుంది. 7.5 రోజులంటే రోజుకు సుమారు 9 శాతం. పరీక్షలు తగ్గించినా రెట్టింపు రోజులు పెరుగుతాయన్న ఒక్క ముక్క అప్పుడే చెప్పి ఉంటే చప్పట్లు కాస్త ఆలోచించి కొట్టేవారు.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసింది ఏప్రిల్ 18 నాటి లెక్క. దేశంలో 14,378 కేసుల్లో 4,291, అంటే 29.8 శాతం, నిజాముద్దీన్ మర్కజ్‌తో (ఢిల్లీలో ముస్లింల మత సంస్థ తబ్లీగీ జమాత్ సమావేశం జరిగిన చోటు) ముడిపడ్డవని ఆరోగ్యశాఖ ప్రకటించింది. తెలంగాణలో 79 శాతం, ఆంధ్రలో 61 శాతం అని విడిగా చెప్పారు. అంకె అబద్ధం కాదు. కానీ అప్పట్లో పరీక్ష ఎవరికి చేశారు? విదేశాల నుంచి వచ్చినవాళ్లకి, పాజిటివ్‌లతో దగ్గరగా మెలిగినవాళ్లకి, లక్షణాలున్న ఆరోగ్య సిబ్బందికి, ఊపిరాడక ఆసుపత్రిలో చేరినవాళ్లకి, హాట్‌స్పాట్‌లలో జ్వరం వచ్చినవాళ్లకి. మర్కజ్‌కి వెళ్లొచ్చినవాళ్లను మాత్రం ఇంటింటికీ తిరిగి వెతికి, లక్షణాలున్నా లేకున్నా, వాళ్ల ఇంటివాళ్లతో సహా శాంపిళ్లు తీశారు. వెతికిన చోటే దొరుకుతాయి. ఆ గుంపులో నూరు మందిని పరీక్షిస్తే ఎంతమంది పాజిటివ్, మిగతావాళ్లలో నూరుకి ఎంతమంది అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టకుండా మొత్తంలో వాటా ఒక్కటే చెప్పడం వృత్తి తెలిసినవాళ్లు చేయకూడని పని. ఏ మతాన్నీ ప్రాంతాన్నీ జబ్బుకు ముడిపెట్టొద్దని అదే ఆరోగ్యశాఖ ఏప్రిల్ 8న సలహా జారీ చేసింది. పది రోజులు తిరక్కుండానే ఈ వాటా ప్రకటించింది. కూరగాయల బండివాళ్లను పేరడిగి వెనక్కి పంపిన ఉదంతాలు దేశంలో ఎన్నోచోట్ల వార్తలకెక్కాయి.

గడువులు పెట్టి చెప్పిన జోస్యాల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. కొత్త కేసులు రాకపోతే ఏప్రిల్ 7కి రాష్ట్రం కరోనా నుంచి బయటపడుతుందని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి మార్చి 29న అన్నారు. ఆ "రాకపోతే" ఎగిరిపోయి తేదీ ఒక్కటే జనం నోట మిగిలింది. మర్నాడు రాత్రే మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురి మరణాలు ప్రకటించారు. ఏప్రిల్ 24న నీతి ఆయోగ్ సభ్యుడు వి.కె.పాల్ చూపించిన గ్రాఫ్‌లో కొత్త కేసుల గీత మే 16కి సున్నాకి దిగింది. మే 16న వచ్చిన కొత్త కేసులు దాదాపు 4 వేలు. సున్నా అవుతుందని ఎవరూ అనలేదని, అపార్థం కలిగినందుకు చింతిస్తున్నామని తర్వాత వివరణ ఇచ్చారు. గ్రాఫ్‌లో గీత గీశాక నోటితో అనలేదంటే ఎవరు నమ్ముతారు?

మే 8న డిశ్చార్జి నిబంధన మారింది. అంతకుముందు 24 గంటల తేడాతో రెండు నెగెటివ్‌లు రావాలి. కొత్త పద్ధతిలో లక్షణాలు తక్కువ ఉన్నవాళ్లను, లక్షణాలు మొదలైన 10 రోజులకు, చివరి 3 రోజులు జ్వరం లేకపోతే పరీక్ష లేకుండానే పంపొచ్చు. ఇంటి దగ్గర మరో 7 రోజులు విడిగా ఉండాలి. కారణం గట్టిదే: చచ్చిన వైరస్ ముక్కలను కూడా పీసీఆర్ వారాల తరబడి పట్టుకుంటుంది, ఆ దశలో మనిషి నుంచి అంటుకోదు. ఆ కారణం జనం దాకా చేరలేదు. "కోలుకున్నవారు" గడి ఒక్కసారిగా పెరగడం ఒక్కటే కనబడింది. నెగెటివ్ కాగితం ఏదని అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలదీసినవాళ్లకు చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

మరణాల దగ్గర నమ్మకం పూర్తిగా పోయింది. తెలంగాణ బులెటిన్ మరణాలను కోవిడ్ వల్ల ఇంత శాతం, ఇతర జబ్బులున్నవాళ్లవి ఇంత శాతం అని విడగొట్టేది. షుగర్, బీపీ ఉన్నవాళ్లు వాటివల్లే పోయారన్న అర్థం అందులోంచి వచ్చేది. మరణ కారణం ధ్రువీకరిస్తూ ఆసుపత్రి రాసే ఫారం 4 చూస్తే ఆ విడగొట్టడంలోని పొరపాటు తెలుస్తుంది. ఒకటో భాగంలో మొదటి వరుస ప్రాణం తీసిన చివరి కారణం, ఉదాహరణకు శ్వాస వైఫల్యం. రెండో వరుస దాని వెనక ఉన్న న్యుమోనియా. మూడో వరుసలో అన్నిటికీ మూలం, కోవిడ్. షుగర్, బీపీ రాయాల్సింది రెండో భాగంలో, తోడు కారణాలుగా. మూల కారణం దగ్గర వాటిని రాయొద్దని 2020 మేలోనే ఐసీఎంఆర్ మార్గదర్శకాలిచ్చింది.

సుప్రీంకోర్టు ఆదేశంతో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల సాయం మొదలయ్యాక తేడా బయటపడింది. 2022 జనవరి నాటికి కోర్టు ముందుకొచ్చిన లెక్కలో తెలంగాణ నమోదు చేసిన మరణాలు 4 వేల లోపు, సాయానికి దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రలో మరణాలు 14 వేల పైచిలుకు, దరఖాస్తులు 36 వేల పైచిలుకు. ప్రతి దరఖాస్తూ అర్హమైనది కాదు. పైగా సాయానికి పెట్టిన నిర్వచనం వెడల్పైనది: పరీక్ష అయిన 30 రోజుల్లోపు మరణాలు, ఇంట్లో జరిగినవి కూడా అందులోకి వచ్చాయి. అయినా ఒకే జబ్బుకి రెండు నిర్వచనాలు ఎందుకుండాలో ఏ అధికారీ మైకు ముందు చెప్పలేదు.

2020 వేసవి నుంచి తెలంగాణ హైకోర్టు వరుసగా గట్టిగా అడిగాక బులెటిన్ మారింది. జిల్లాలవారీ కేసులు, ఆసుపత్రులవారీ పడకలు, పరీక్షల వివరాలు వచ్చి చేరాయి. అంటే ఆ సమాచారం ముందునుంచీ ఎక్కడో ఉన్నదే.

కాబట్టి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరేది ఇది: బులెటిన్ నమూనా జబ్బు లేని రోజుల్లోనే ఖాయం చేసి ప్రకటించండి. పైన లెక్క కట్టిన గంట. ఆర్టీపీసీఆర్, యాంటీజెన్ విడివిడిగా, శాంపిళ్లు ఎన్ని, మనుషులు ఎందరు. ఫలితం రానివి ఎన్ని, అందులో అన్నిటికంటే పాతది ఏ రోజుది. కేసుల పట్టిక శాంపిల్ ఇచ్చిన తేదీ ప్రకారం; చివరి నాలుగైదు రోజుల అంకెలు ఇంకా పెరుగుతాయని పక్కనే రాయాలి. మరణాలు చనిపోయిన తేదీ ప్రకారం. పాతవి ఆలస్యంగా కలిపితే "గత నెలవి" అని వేరే వరుసలో. నిన్నటి బులెటిన్‌లో తప్పుంటే ఈరోజు దాంట్లో మొదటి వరుసలోనే దిద్దుబాటు. ప్రెస్‌మీట్‌లో అంకెలు చదివే అధికారి పక్కన ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే ఎపిడెమియాలజిస్టు (జబ్బుల వ్యాప్తిని అధ్యయనం చేసే నిపుణుడు) ఒకరు కూర్చోవాలి, స్థానిక విలేకరుల ప్రశ్నలు అయ్యేదాకా లేవకూడదు.

పత్రికలకూ ఒక విన్నపం. మొదటి పేజీలో కేసుల పెట్టె వేసేటప్పుడు ఒక రోజు అంకె బదులు ఏడు రోజుల సగటు వేయండి, కింద అదే వారం పరీక్షల సగటు. ఒక అంగుళం చోటు చాలు. కేంద్రం లెక్కా రాష్ట్రం లెక్కా ఒకే పేజీలో వస్తే ఏది ఎన్ని గంటలదో పక్కన వేయండి.

ఇట్లు,
ప్రజారోగ్య గణాంకాల పని చేసిన విశ్రాంత ఉద్యోగులు,
హనుమకొండ