చుక్క కాదు, బ్రాకెట్

చిన్నీ,

రాత్రి నువ్వు పంపిన ఫైలు ఇవాళ ఆఫీసు బస్సులో తెరిచాను. హాస్టల్ రాత్రి భోజనం పేజీలో ఏ రోజు నొక్కినా 'అన్‌డిఫైన్డ్' (విలువేదీ లేదని) అనే వస్తోందని ఎంత టెన్షన్ పడ్డావే! తప్పంతా ఒక్క చుక్కది. జావాస్క్రిప్ట్ కోడ్‌లో మెనూ.రోజు అని రాశావు.

నీకు గుర్తుండదు, ఒకటో తరగతిలో అట్ట మీద నీ పేరు రాయమంటే గుండ్రంగా 'నీ పేరు' అని రాసుకొచ్చావు. చుక్క చేసే పని అచ్చం అదే. మెనూలో 'రోజు' అనే కీ, అంటే విలువను వెతికే పేరు, ఉందా అని చూస్తుంది. రోజు అనే వేరియబుల్‌లో (నొక్కిన రోజు పేరు దాచుకునే చోట) 'మంగళవారం' ఉందని దానికి పట్టదు. మెనూ[రోజు] అని రాయి. చదరపు బ్రాకెట్ ముందు లోపలి విలువ చూసి, దాన్నే కీగా తీసుకుంటుంది. (నవ్వకు, జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలో పెట్టినా నడుస్తాయి.)

మీ సీనియర్ చెప్పిన ఇవాల్ (రాతను కోడ్‌గా నడిపే ఫంక్షన్) జోలికి పోకు. ఎవరో టైపు చేసింది ప్రోగ్రాంగా నడిచిపోతుంది.

బ్రాకెట్‌తో నేనూ దెబ్బ తిన్నాను. మొదటి ఉద్యోగంలో కూపన్ కోడ్ సరిచూసే పేజీ నాది. కూపన్లు[కోడ్] అన్నప్పుడు ఏదో ఒకటి వస్తే కూపన్ ఉన్నట్టే అనుకున్నాను. టెస్టింగ్ అమ్మాయి ఇంగ్లీషులో 'కన్‌స్ట్రక్టర్' అని కొట్టింది. పచ్చ టిక్కు పడింది! మనం పెట్టకపోయినా కూపన్లు, మెనూ లాంటి మామూలు ఆబ్జెక్ట్‌కి ఆ పేరు ప్రోటోటైప్ (వెనకుండే ఉమ్మడి నమూనా) నుంచి వచ్చేస్తుంది. అప్పట్లో ఆ కీ ఆబ్జెక్ట్ సొంతమా అని చూసే హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ పెట్టి బయటపడ్డాను. జావాస్క్రిప్ట్ 2022 ప్రమాణంలో అదే పనికి ఆబ్జెక్ట్.హ్యాజ్‌ఓన్ వచ్చింది, నువ్వు అది వాడు. బయటివాళ్లు టైపు చేసే కీలైతే మ్యాప్ (కీ, విలువల జతలు దాచేది) ఇంకా మేలు, అది 2015 నుంచే ఉంది.

టిఫిన్ల పేజీ కూడా చేస్తానన్నావు కదా. 'మైసూర్ బజ్జీ'ని కీగా పెట్టేటప్పుడు చూసుకో. యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకిచ్చే సంకేతాల్లో) ఐత్వం ఒకే గుర్తుగా ఉండొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు కలిపి కూడా ఉండొచ్చు. కంటికి రెండూ ఒకటే, కీలుగా మాత్రం వేరువేరు. పెట్టేటప్పుడూ వెతికేటప్పుడూ నార్మలైజ్ చేస్తే, అంటే రెండింటినీ ఒకే రూపానికి తెస్తే, సరిపోతుంది.

నీ ఫైలులో చుక్క తీసి బ్రాకెట్ పెట్టి చూశాను. ఆరు రోజులూ చక్కగా వస్తున్నాయి, మంగళవారం చపాతీ, కుర్మా అట. ఆదివారానికి మాత్రం ఇంకా 'అన్‌డిఫైన్డ్' అనే ఉంది. ఆ రాత్రి మెస్ మూసేస్తారా? మరి ఏం తింటున్నావే?

అమ్మ