వరద పోయినంక పిల్లల సంగతి

కోదాడ,
నవంబర్ 2024

ఏం రా మామా, ఎట్లున్నవ్? వదిన, పిల్లలు అంత మంచిదేనా? నీ మెసేజ్‌కు రెండు ముక్కలల్ల జవాబియ్యొచ్చు గని, ఈ సంగతి నీకు పూరాగ చెప్పాల్నని కూసొని రాస్తున్న. ఆదివారం, ఇంట్ల ఎవ్వరు లేరు, అడ్డమొచ్చేటోళ్లు లేరు.

డాలస్‌ల మన పాలమూరోళ్లు పైసలు జమజేసిన్రు, మునిగినోళ్ల పిల్లల చదువుకు ఎట్ల ఇయ్యాల్నని గదా నీ ప్రశ్న. సెప్టెంబర్‌ల అడిగితే వద్దందును. అప్పుడు బియ్యం, దుప్పట్లు, పులిహోర పొట్లాలు మస్తుగొచ్చినయి. ఇప్పుడడిగినవ్ గాబట్టి చెప్తున్న. చదువుకునే పిల్లల మీదికి వరద ఆలస్యంగ వస్తది రా. ఆగస్టు 31 రాత్రి నుంచి వాన దంచింది, తెల్లారి కోదాడ కాలనీలల్లకు నీళ్లొచ్చినయి, నడిగూడెం దిక్కు రామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాల్వ తెగింది. అదంత టీవీల చూసినవ్. పిల్లలకు అసలు దెబ్బ ఇప్పుడు తగుల్తుంది, పరీక్ష ఫీజు నోటీసు బోర్డు మీద పెట్టినంక. గిప్పుడు ఏ కెమెరా లేదు.

కాయితాల గోస వేరే. బీకాం పిల్ల ఒకామె కవర్ పట్టుకొని, నేను పాఠం చెప్పే కాలేజీల స్టాఫ్ రూంకు వచ్చింది. పదో తరగతి మెమో లామినేషన్ చేపిచ్చిన్రు పాపం, భద్రంగ ఉంటదని. ఒక మూలకు పొక్కి నీళ్లు లోపటికి పోయినయి, బయటికి రాలే. అడుగున బురద గీత గీసినట్టు నిలవడ్డది. టీసీ మీద హెడ్‌మాస్టర్ సంతకం ఉత్త నీలం మరక. ఉట్టి కవర్ల పెట్టినోళ్లయి నయం, న్యూస్ పేపర్ల నడుమ పెట్టి ఫ్యాన్ కింద ఆరబెడ్తే బతికినయి. తొందరపడి ఎండల పెట్టినయి అప్పడం లెక్క ముడుసుకున్నయి.

డూప్లికేట్ కావాలంటె పోలీస్ స్టేషన్‌ల దరఖాస్తు, నోటరీ అఫిడవిట్, చలానా, మళ్ల చదివిన బడి హెడ్‌మాస్టర్ నుంచి హైదరాబాద్ బోర్డుకు. సర్కారు ఆన్‌లైన్‌ల కాయితాలు దాచే డిజిలాకర్‌ల మెమో దొరుకుతది కదా అంటవ్. దొరుకుతది, గని ఓటీపీ రావాలె. ఫోన్ నీళ్లల్ల పోయింది, ఆధార్‌కు ఉన్న నంబర్ నాయిన పాత సిమ్‌ది. అందుకే మా పిల్లలకు చెప్పేది ఒక్కటే: ముందు అదే నంబర్ మీద సిమ్ తీస్కోన్రి, మెమో తర్వాత. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవ ఉన్నది, వాటికి అంత తిప్పలు లేదు.

హాజరు ముచ్చట ఇంక ఇచ్చంత్రం. డెబ్బయి అయిదు శాతం ఉండాలె. జ్వరమొచ్చిందని డాక్టర్ సర్టిఫికెట్ తెస్తే మాఫీకి దారున్నది. ఇల్లు మునిగింది, నెలరోజులు బురద ఎత్తిపోసిన అంటె ఏ డాక్టర్ రాసిస్తడు? మా ప్రిన్సిపాల్ సార్ మంచోడు, పై నుంచి ఆర్డర్ వచ్చేదాంక ఆగకుంట ఆ రోజులను లెక్కల నుంచి తీసేపిచ్చిండు. చూడు, దీనికి ఒక్క రూపాయి ఖర్చుగాలే.

నీకు యాదికున్నదా, 2009 అక్టోబర్? తుంగభద్ర మీ రాజోలి మీద పడ్డది, అవతల కర్నూలు మునిగింది, మీ నాయిన మగ్గం గుంత నిండ ఒండ్రే. నువ్వు ఒక్క ప్యాంటు మీద పాలమూరు హాస్టల్‌కు వచ్చినవ్. నీ చదువు ఆగకపోనీకి కారణం సర్కారు పరిహారం కాదు గదరా. సీనియర్లు రూం రూం తిరిగి నీ పరీక్ష ఫీజు జమజేసిన్రు, కెమిస్ట్రీ సార్ రికార్డులు మళ్ల రాసుకో, డిసెంబర్‌ల చూస్తనన్నడు. అంతే.

నువ్వు ఫోన్ల చెప్పిన న్యూ ఆర్లీన్స్ ముచ్చట మావోళ్లకు చెప్పిన. 2005ల కత్రినా తుఫానుకు తులేన్ యూనివర్సిటీ ఆ సెమిస్టర్ మొత్తం బందు పెట్టిందని, పిల్లలు వేరే ఊర్ల కాలేజీలల్ల కూసొని చదువుకొని 2006 జనవరిల వాపసొచ్చిన్రని. చేర్చుకున్న కాలేజీలు శానా వరకు ఫీజే అడగలేదంటె మా ఎకనామిక్స్ సార్ నమ్మలే, గూగుల్‌ల చూసిండు. మనకాడ ఎట్లంటవా? ఖమ్మంల మున్నేరు వాగుకు మునిగినోళ్ల పిల్ల ఒకామె ఇక్కడ మేనమామ ఇంట్ల ఉంటుంది. ఆమెది కాకతీయ యూనివర్సిటీ, మాది నల్లగొండ మహాత్మాగాంధీ. ఒక్క సెమిస్టర్ మా దగ్గర చదువుత అంటె టీసీ, మైగ్రేషన్, సిలబస్ తేడా, సగం ఏడాది అండ్లనే పోతది. ఏం జేస్తం, పేరు లేకుంటనే నా క్లాసుల కూసోమన్న. పరీక్షకు ఖమ్మం పోతది. హాజరు పట్టీల లేదు గని, లాస్ట్ బెంచీల పొద్దుగాలనే వచ్చి కూసుంటది.

ఇంకో కడుపుమంట ముచ్చట. ఇక్కడ ఒక ప్రైవేటు కాలేజీ, పేరెందుకు లే, సర్కారు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని పిల్లగాని ఒరిజినల్స్ పట్టుకొని కూసున్నది. సర్కారు బాకీకి మునిగినోని కొడుకును నిలదీసుడు ఏం న్యాయం? ఒరిజినల్స్ కాలేజీ దగ్గర పెట్టుకోవద్దని యూనివర్సిటీలను చూసే ఢిల్లీ యూజీసీ 2018లనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ కాయితం ప్రింట్ తీసి వాని చేతికిచ్చి, వాళ్ల నాయినను తోలి పంపిన. నేను పోతే లొల్లి అయితది, నాయిన పోతే వింటరేమో చూద్దాం.

ఇగ మీ పైసలు. ల్యాప్‌టాప్‌లు కొని పంపకు రా. స్టేజీ మీద ఫొటోకు మంచిగుంటయి, రేపు సగం అమ్ముడుపోతయి, వాళ్లది తప్పు గూడ కాదు. పరీక్ష ఫీజులు కట్టున్రి, లేటు ఫీజు పడకముందే. కోదాడల కిరాయి ఇల్లు ఇడిసి సూర్యాపేటలనో, హుజూర్‌నగర్‌లనో చుట్టాల ఇంట్ల ఉన్న పిల్లలకు బస్ పాసులు తీపియ్యున్రి. ఆర్టీసీ బస్సులల్ల ఆడపిల్లలకు టికెట్ లేదు, ఉచితమే, మొగపిల్లలకే కావాలె, ఈ ముచ్చట మీవోళ్లకు ముందే చెప్పు. నా ఖాతాకు గాని, కాలేజీ ఖాతాకు గాని ఒక్క పైస వద్దు. పిల్లలు ఎవరెవరో పట్టిక రాసి పంపుత, మీరు నేరుగ వాళ్లకే వెయ్యున్రి, రశీదు ఫొటో వాళ్లే పెడ్తరు.

పట్టిక ఎల్లుండి వరకు తయారైతది. ఫీజు ఆఖరి తారీఖు దగ్గర పడ్డది, మీ మీటింగు గీటింగు జల్ది కానియ్యున్రి. సంక్రాంతికి వస్తవా రావా, అది గూడ రాయి. వస్తే రాజోలి పోదాం, మీ నాయిన కొత్త మగ్గం మీద ఏం నేస్తున్నడో చూడాలె, మా ఇంటామెకు చీర బాకీ ఉన్న.

నీ
పాత రూమ్మేట్