గ్యాస్ అనుకున్న నొప్పిని గుండెపోటుగా గుర్తించిన వారికి కృతజ్ఞతలు

మా అమ్మ ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి చేరి నేటికి పన్నెండు రోజులు. ఆమె ప్రాణం నిలిపిన వారిలో ముందుగా చెప్పుకోవలసింది మా ఊరి ఆశా కార్యకర్త గారి గురించి. తన పేరు రాయవద్దని ఆమె కోరారు, అందుకే రాయడం లేదు.

ఆ రోజు తెల్లవారుజామున అయిదు గంటలకు అమ్మకు పొట్ట పైభాగంలో మంట మొదలైంది. రెండుసార్లు వాంతి అయింది, ఎడమ దవడ లాగుతున్నదని కూడా చెప్పింది. ఛాతీలో నొప్పి లేదన్నది కాబట్టి, రాత్రి తిన్న పులిహోర అరగలేదని అందరం తేల్చేశాము. మా మేనత్త వాము నీళ్లు కాచి ఇచ్చింది, నేను సోడా తెచ్చాను. ఈ వైద్యంతోనే గంటన్నర గడిచిపోయింది. షుగర్ మాత్రల వివరాలు రాసుకోవడానికి వచ్చిన ఆశా కార్యకర్త గారు గుమ్మంలోనే ఆగి, "పిన్నీ, ఫ్యాన్ కింద కూర్చుని కూడా జాకెట్టు తడిసేంత చెమట పడుతోందంటే ఇది గ్యాస్ కాదు" అన్నారు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారికి నరాలు దెబ్బతిని గుండె నొప్పి సరిగా తెలియకపోవచ్చునని చెప్పి, నేను బండి తీయబోతే వారించి, అమ్మను ఒక్క అడుగు వేయనీయకుండా గోడకు ఆనించి కూర్చోబెట్టి, 108కు ఫోన్ చేశారు. పక్కింటి పెద్దాయన తాను గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టమంటే, బీపీ చూడకుండా పెట్టకూడదని గట్టిగా ఆపారు.

108లో వచ్చిన టెక్నీషియన్ గారు అల్సర్, రక్తస్రావం వంటివి ఉన్నాయేమో అడిగి తెలుసుకుని, ఆస్పిరిన్ మాత్రను నమిలి మింగించారు; నమిలితే అది త్వరగా రక్తంలో కలిసి, రక్తనాళంలోని రక్తపు గడ్డ పెరగకుండా అడ్డుకుంటుందట. ఏరియా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ గారు పది నిమిషాలలోపే ఈసీజీ తీయించి, ఛాతీకి కుడివైపున కూడా తీగలు పెట్టి మరోసారి తీయించారు. గుండె కింది గోడకు రక్తం అందించే కుడి కరోనరీ ధమని మూసుకుపోయిందని, ఆ గోడ ఉదరవితానం (ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర) మీద ఆనుకొని ఉంటుంది కనుక బాధ పొట్టలో ఉన్నట్టే అనిపించవచ్చునని, గుండె కుడి జఠరిక (కుడివైపు కింది గది) కూడా దెబ్బతిన్నందున ఆ సార్బిట్రేట్ వేసి ఉంటే బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉండేదని వివరించారు. వెంటనే గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను అమ్మ బరువును బట్టి ఇచ్చారు. మరునాడు జిల్లా కేంద్రంలో యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంటు వేశారు.

వారందరికీ, రాత్రంతా మానిటర్ చూస్తూ కూర్చున్న నర్సమ్మ గారికి, వాహనంలో మరచిపోయిన అమ్మ కళ్లజోడును మళ్లీ వచ్చి ఇచ్చి వెళ్లిన 108 డ్రైవర్ గారికి మా కుటుంబం రుణపడి ఉంటుంది. ఇది చదివి వినిపించినప్పుడు అమ్మ ఒక్క మార్పే కోరింది: వాము నీళ్లు ఇచ్చినందుకు మేనత్తను ఎవరూ ఏమీ అనవద్దని రాయమన్నది.