ఆల్చిప్పల లెక్క రాస్తున్న పిల్లలు

సంపాదకులకు నమస్కారాలు.

న్యూయార్క్‌లో బడి పిల్లలు ఆల్చిప్పలను పెంచి, నగరం చుట్టూ ఉన్న నీటికి మళ్లీ ప్రాణం పోసేందుకు చేస్తున్న కృషి గురించి రాస్తున్నాను. మా అమ్మాయి తరగతి కూడా అందులో పాల్గొంటోంది.

ఒకప్పుడు న్యూయార్క్ రేవు అడుగున సుమారు 2,20,000 ఎకరాల మేర ఆల్చిప్పల దిబ్బలు ఉండేవంటారు. మితిమీరి ఏరుకోవడం, పూడికతీత, మురుగు కలిసి వాటిని తుడిచిపెట్టాయి. మిగిలినవి తింటే జబ్బు చేస్తుందని 1927 నాటికి ఆ వేటనే ఆపేశారు. 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు 2035 నాటికి నూరు కోట్ల ఆల్చిప్పలను తిరిగి నీటిలో చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. హోటళ్లలో తిన్నాక మిగిలే చిప్పలను సేకరించి, ఏడాదిపాటు ఆరుబయట ఎండకూ వానకూ ఉంచి, నలుసంత ఆల్చిప్ప పిల్లలు వాటికి అతుక్కున్నాక నీటిలోకి దింపుతారు. గవర్నర్స్ ఐలాండ్‌లోని హార్బర్ స్కూల్ విద్యార్థులకు ఇది చదువులో భాగమే.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. తాడు పట్టి తీగబుట్టను పైకి లాగితే నల్లటి బురదతో పాటు చిన్న పీతలు జారిపడ్డాయి. పిల్లలు ఒక్కో చిప్పను కడిగి, పొడవును మిల్లీమీటర్లలో కొలిచి పట్టికలో రాశారు. నోరు తెరిచి ఉన్నదాన్ని తట్టితే, బతికున్నదైతే మూసుకుంటుంది, చచ్చినదైతే డొల్లగా మోగుతుంది. అలా మోగినప్పుడల్లా మా అమ్మాయి ముఖం చిన్నబోయేది, అయినా ఆ లెక్కను తప్పక రాసేది.

ఎదిగిన ఆల్చిప్ప అనుకూల పరిస్థితుల్లో రోజుకు 190 లీటర్ల వరకు నీటిని వడకట్టగలదు. అయితే నగరంలో చాలాచోట్ల మురుగునీరూ వాననీరూ ఒకే గొట్టంలో పారుతుండడంతో, గట్టి వాన కురిస్తే శుద్ధి కాని నీరు నదుల్లోకి పొంగుతుంది. ఆ పొంగును ఆపడం ఆల్చిప్పల వల్ల కాదు, పిల్లల వల్ల అంతకన్నా కాదు. అది నగరపాలకులు డబ్బు పెట్టి చేయవలసిన పని. పిల్లల శ్రమను చూపి ఆ పనిని వాయిదా వేయడం నా దృష్టిలో అన్యాయం.

ఇలాంటి కృషి గురించి ప్రచురించేటప్పుడు బురదబూట్లు తొడుక్కున్న పిల్లల ఫొటోతో సరిపెట్టకుండా, వారి పట్టికలో ఎన్ని బతికాయో, ఎన్ని చచ్చాయో, ఆ వారం వాన ఎంత పడిందో కూడా పక్కనే అచ్చువేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
న్యూయార్క్