మీ బండ్లలోకి నీళ్లు ఎందుకు వచ్చాయంటే

మా దగ్గర పికప్ బండికి క్యానోపీ, అంటే వెనక సామాను తొట్టి మీద కూర్చునే పైకప్పు, బిగించుకున్నవాళ్లందరికీ,

మొన్న వానలు మొదలైన దగ్గర్నుంచి వరసగా ఫోన్లు వచ్చాయి. క్యానోపీ ఉన్నా బెడ్ లోపల, అంటే ఆ తొట్టి లోపల, నీళ్లు నిలుస్తున్నాయని. మొదట ఫోన్ చేసినాయన ఎన్నో ఏళ్లుగా మా దగ్గరికే వచ్చే కార్పెంటర్. మూడు బండ్లు మార్చారు, మూడింటికీ నేనే బిగించాను. ఆయన గొంతు పెంచలేదు. తడిసిన డ్రిల్లు పెట్టెనూ తుప్పు పట్టిన ఉలులనూ నేల మీద వరసగా పేర్చి, ఫొటో తీసి పంపి, "ఒకసారి చూడండి" అన్నారు, అంతే. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

ఇప్పటికి లెక్క తేలినవి పద్నాలుగు బండ్లు. అన్నీ గత మూడు నెలల్లో, ఒకే సరుకు ఫోమ్ టేపుతో బిగించినవి. ఏం జరిగిందో ఎవరి నోటో వినేకన్నా నేనే చెప్పాలని ఇది రాస్తున్నాను.

బెడ్ పక్క గోడల పైఅంచుకూ క్యానోపీ అడుగుకూ మధ్య ఒక ఫోమ్ టేపు ఉంటుంది. మొత్తం బరువు దాని మీదే కూర్చుంటుంది, నీళ్లను ఆపాల్సిందీ అదే. అది క్లోజ్డ్ సెల్ ఫోమ్ కావాలి, అంటే లోపలి గాలిబుడగలు దేనికది మూసుకుని ఉండాలి. ఓపెన్ సెల్‌లో బుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, కాబట్టి అది స్పాంజిలా పీలుస్తుంది. రెండూ నల్లగానే ఉంటాయి. చేత్తో నొక్కితే రెండూ మెత్తగానే ఉంటాయి.

తొమ్మిదేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర ఈ టేపు కొంటున్నాను. ఈసారి వచ్చిన పెట్టె పాతదే, లేబుల్ పాతదే, నంబరూ పాతదే. లోపల సరుకు మాత్రం వేరు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నట్టు అయింది నా పని. ఫోన్ చేస్తే అటు నుంచి వచ్చిన మొదటి మాట, "మీ కుర్రాళ్లు బిగించడంలో ఏదో తేడా చేసి ఉంటారు" అని. క్యానోపీ బిగించడం నాకు చెప్పొచ్చారు! మూలల దగ్గర టేపును సాగదీసి అంటించకూడదనీ, సాగదీస్తే నాలుగు రోజులకు ముడుచుకుని సందు వదులుతుందనీ, రెండు కొసలు కలిసే చోటు ఎప్పుడూ వెనకవైపే రావాలి తప్ప గాలివాన ఎదురుగా కొట్టే ముందువైపు రాకూడదనీ మా కుర్రాళ్లకు మొదటి వారంలోనే నేర్పిస్తాను. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆ రాత్రి కొత్త టేపు ముక్క ఒకటి, షాపులో మిగిలిన పాత రోలు ముక్క ఒకటి కోసి, రెండు గ్లాసుల నీళ్లలో ముంచి, పైన బరువు పెట్టి వెళ్లాను. పొద్దున పాత ముక్కను తీసి విదిలిస్తే పైన నీళ్లు రాలిపోయాయి, లోపల పొడిగానే ఉంది. కొత్తదాన్ని పిండితే ధార కట్టింది. అది వీడియో తీసి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు, తయారుచేసే చోటు మారిందనీ, ఆ సంగతి తమకూ సరిగా చెప్పలేదనీ అన్నారు. కొత్త రోళ్లు ఉచితంగా పంపుతామన్నారు. దాంతోపాటు ఒక సలహా ఇచ్చారు. "క్యానోపీలు విప్పక్కర్లేదు, బయట చుట్టూ ఒక వరస సిలికాన్ కొట్టేయండి, రెండు రోజుల్లో పద్నాలుగూ అయిపోతాయి."

ఆ సలహా మీద మూడు రాత్రులు కంటి మీద కునుకు లేదు. నిజం చెప్తున్నాను, ఒప్పేసుకోవాలనిపించింది. మీరు బండి వదిలి వెళ్లక్కర్లేదు. నా షాపులో మిగతా పని ఆగదు. వాన వచ్చినా లోపలికి చుక్క రాదు, కనీసం కొన్నాళ్లు. మీరు "బాగైంది" అనేసి వెళ్లిపోయేవారు.

కానీ లోపలున్న టేపు అప్పటికే నీళ్లు తాగి ఉంది. బయట సిలికాన్ కొడితే ఆ నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. తడి స్పాంజిని మీ బెడ్ అంచు పెయింట్ మీద పెట్టి కట్టేసినట్టే. క్యానోపీని బెడ్ అంచుకు పట్టి ఉంచే క్లాంపు రాసుకుని ఎక్కడైనా పెయింట్ లేచి ఉంటే అక్కడ తుప్పు మొదలవుతుంది, అది మీకు కనిపించే సరికి అంచు తినేసి ఉంటుంది. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, పెయింట్ లేచిన ఇనుముకు అది మంచిది కాదు. సిలికాన్ ఒకసారి తగిలిన చోట పెయింట్ నిలవదు, కొత్త టేపూ అంటదు. గీకినా పూర్తిగా పోదు. ఇంకో సంగతి, ఈ బండ్లలో క్యాబిన్ వేరు, బెడ్ వేరు, రెండూ ఛాసిస్ మీద విడివిడిగా కూర్చుని ఉంటాయి. గతుకుల్లో బెడ్ మెలితిరుగుతుంది. అంచు మీద సన్నగా గీసిన సిలికాన్ ఆ మెలికకు ఎక్కడో ఒకచోట ఊడుతుంది. మళ్లీ మీరు ఫోన్ చేస్తారు, మళ్లీ నేను ఇంకో వరస కొట్టాలి.

అందుకే వద్దనుకున్నాను. పద్నాలుగు క్యానోపీలూ విప్పుతున్నాం, టేపు మొత్తం గీకి, కొత్తగా వేసి, మళ్లీ బిగిస్తున్నాం. మీ దగ్గర రూపాయి తీసుకోను. ఆ ఉచిత రోళ్లు కూడా వద్దని తిప్పి పంపేశాను, వేరే చోట కొన్నాను.

ఇక్కడిదాకా తప్పు టేపుది. ఇప్పుడు నాది చెప్తాను. మొదటి మూడు క్యానోపీలు విప్పాక, ఊరికే అనుమానం తీర్చుకుందామని ఖాళీ బెడ్‌కు బయటి నుంచి పైపుతో నీళ్లు కొట్టించాను. మూడింట్లో రెండు బెడ్‌లలోకి టేపుతో సంబంధం లేకుండానే నీళ్లు వచ్చాయి. ముందు మూలల్లో రేకులు కలిసే అతుకు నుంచి, రబ్బరు బిరడా ఊడిపోయిన రంధ్రం నుంచి, వెనక డోర్ కింద నుంచి. ఇన్నేళ్లూ "క్యానోపీ నా పని, బెడ్ కంపెనీ పని" అనుకుంటూ వచ్చాను. ఎవరైనా కొంచెం తడి వస్తోందంటే టేపు సర్ది పంపేవాణ్ణి. ఆ సర్దుబాట్లలో కొన్ని వృథా అని ఇప్పుడు అర్థమైంది. వాళ్లకు క్షమాపణ చెప్పుకోవాలి, చెప్తున్నాను.

బెడ్‌ను నీళ్లు ఆగేలా ఎవరూ తయారుచేయరు. పడిన వాన కిందికి పోయేలా చేస్తారు. అందుకే దానికి అన్ని సందులు. వెనక డోర్‌కు రెండు పక్కలా, అడుగునా ఖాళీ ఉంటుంది. బండి పరుగెత్తేటప్పుడు వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, చక్రాలు లేపిన నీళ్లూ దుమ్మూ ఆ ఖాళీల్లోంచి లోపలికి లాక్కుంటుంది. ఎండాకాలంలో సామాను మీద దుమ్ము పేరుకుంటోందన్న వాళ్లకు, వానాకాలంలో తడి వచ్చేదీ అదే దారి. పక్క అంచుల్లో చతురస్రంగా ఉండే గుంటలు ఇంకో దారి. బెడ్ లోపల గీతలు పడకుండా వేసే ప్లాస్టిక్ లైనర్ అంచు మీదుగా మడిచి ఉంటే, టేపు ఆ లైనర్ మీద కూర్చుంటుంది, నీళ్లు లైనర్ కింద నుంచి తాపీగా దిగుతాయి. లైనర్ బదులు పూతలా కొట్టే స్ప్రే లైనింగ్ అంచు పైదాకా కొట్టించుకున్న బండ్లలో ఆ గరుకుతనం మధ్య సన్నటి కాలువలే ఉంటాయి.

ఇక మీదట పని వరస మారుతుంది. ముందు బెడ్, తర్వాతే క్యానోపీ. అతుకులకు పాలీయురెథేన్ సీలెంట్, రంధ్రాలకు కొత్త బిరడాలు, వెనక డోర్ చుట్టూ రబ్బరు. అంచు మీద లైనర్ ఉంటే అంతవరకూ కోస్తాం, వద్దంటే ఆ బండి నేను చేయను. తర్వాత అతుకుల వెంట లోపల సుద్దపొడి చల్లి, బయట కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్లు కొడతాం. పైనుంచి మొదలుపెడితే ఏ నీరు ఎక్కడిదో తేలదు. పొడి తడవకపోతేనే క్యానోపీ ఎక్కుతుంది. ఎక్కాక లోపల ఒక మనిషి టార్చి పట్టుకుని కూర్చుంటాడు, మళ్లీ నీళ్లు. ఇదివరకు పూటలో ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు రెండు రోజులు పడుతుంది. తొందరగా కావాలంటే నా వల్ల కాదు.

ఒక విషయంలో మాత్రం నన్ను బలవంతపెట్టొద్దు. "ఒక్క రంధ్రం కూడా మిగలకుండా మూసేయండి" అని చాలామంది అడుగుతున్నారు. అన్నిటికన్నా కింద ఉన్న నీళ్లు పోయే రంధ్రాలు నేను మూయను. తడి గొడుగు పెడతారు, తడి తాళ్లు పెడతారు, చల్లటి రాత్రి క్యానోపీ లోపలివైపు చెమర్చి కారుతుంది. ఆ నీరు ఎటు పోవాలి? ఆ రంధ్రాలకు బయటికి మాత్రమే తెరుచుకునే రబ్బరు నాలుక పెడతాను. పక్క అంచుల గుంటలు కూడా పైనే మూస్తాను, అడుగున వదిలేస్తాను. ఈ పట్టుదల వల్ల ఒక పని చేజారింది. పోనివ్వండి.

ఇప్పటి నుంచి వచ్చే ప్రతి రోలు నుంచీ ఒక ముక్క రాత్రంతా నీళ్లలో నానుతుంది. ఆ గ్లాసు నా టేబుల్ మీదే ఉంటుంది, వచ్చినప్పుడు మీరే తీసి పిండి చూడవచ్చు.

మీ బండికి ఈ టేపు పడిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. వాన తగ్గి రెండు రోజులు ఎండ కాశాక, బెడ్ లోపలి నుంచి టేపు అంచు మీద టిష్యూ పేపర్ పెట్టి గోటితో గట్టిగా నొక్కండి. కాగితం తడిస్తే ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు. మూడు నెలల కన్నా పాత బండి అయినా సరే. కార్పెంటర్ గారి బండి మొదటిది, అయిపోయింది. పనిముట్లకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, "మిగతా వాళ్లవి కూడా ఇలాగే చేయండి" అన్నారు. రోజుకు ఒక బండి చొప్పున పిలుస్తున్నాం, ఎక్కువ తడిసినవి ముందు.

తెచ్చేటప్పుడు బెడ్ పూర్తిగా ఖాళీ చేసి తీసుకురండి, పైన నిచ్చెన రాక్ ఉంటే విప్పి రండి. బండి తీసుకెళ్లాక మూడు రోజులు ప్రెజర్ వాష్ చేయించొద్దు, టేపు జిగురు పూర్తిగా పట్టడానికి 72 గంటలు కావాలి. నెల తర్వాత ఫోమ్ కొంచెం అణిగి క్లాంపులు వదులవుతాయి, అప్పుడు ఒకసారి వస్తే బిగించి పంపుతాను. మీరే బిగించుకుంటే మరీ గట్టిగా తిప్పకండి, ఫైబర్ అంచు పగులుతుంది.