నడవమని చెప్పడం వేరు, నడిపించడం వేరు

సంపాదకులకు నమస్కారం.

మధుమేహం రాకుండా ముందే జాగ్రత్తపడమంటూ మీ పత్రికలో వచ్చే ఆరోగ్య వ్యాసాలు దాదాపు అన్నీ ఒకే మాటతో ముగుస్తాయి: రోజూ నడవండి, బరువు తగ్గండి, తిండి అదుపులో పెట్టుకోండి. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఆ సలహా ఇవ్వడానికీ, మనిషి చేత ఆ పని చేయించడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ వ్యాసాలు పట్టించుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

రెండేళ్ల కిందట పరగడుపున చేయించుకున్న పరీక్షలో నా షుగర్ 114 వచ్చింది. 100 నుంచి 125 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగా, 126 గానీ అంతకు మించి గానీ ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. డాక్టరుగారు "ఇంకా రాలేదు కదా, కాస్త నడవండి" అని చెప్పి తరువాతి వారిని పిలిచారు. ఏడు రోజులు నడిచాను. ఎనిమిదో రోజు వాన పడింది, బూట్లు మంచం కిందికి చేరాయి.

అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన అధ్యయనాన్ని అందరూ ఉదాహరిస్తారు. సగటున 2.8 ఏళ్ల పాటు గమనిస్తే, జీవనశైలి మార్చుకున్న వర్గంలో మధుమేహం బారిన పడడం 58 శాతం, షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వర్గంలో 31 శాతం తగ్గింది; 60 ఏళ్లు దాటినవారిలోనైతే జీవనశైలి మార్పు వల్ల వచ్చిన తగ్గుదల 71 శాతం. కానీ ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో వర్గానికి కూడా ఆహారం, వ్యాయామం గురించి రాతపూర్వకంగా సలహాలు ఇచ్చారనీ, ఏడాదికోసారి కూర్చోబెట్టి చెప్పారనీ ఎక్కడా రాయరు. అంటే ఆ 58 శాతం లాభం ఏ సలహా లేనివారితో పోల్చినది కాదు, నాలాగా సలహా మాత్రమే అందినవారితో పోల్చినది. జీవనశైలి వర్గంలో ప్రతి ఒక్కరికీ ఒక శిక్షకుడు, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు, ఆ తరువాత కూడా క్రమం తప్పని పలకరింపు ఉండేవి. శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం అనే లక్ష్యాలు ఆ తోడుతోనే సాధ్యమయ్యాయి. ఫిన్లాండ్‌లో 522 మందితో జరిగిన అధ్యయనంలోనూ తగ్గుదల 58 శాతమే. భారతదేశంలో 531 మందితో జరిగి 2006లో వెలువడిన దానిలో మాత్రం అది 28.5 శాతం, కాబట్టి అన్నిచోట్లా ఒకే అంకె ఆశించడం కూడా సరికాదు.

నిరుడు నేను ఇలాంటి ఒక బృందంలో చేరాను. అక్కడి శిక్షకురాలు "నడుస్తారా?" అని అడగలేదు, ఏయే రోజుల్లో, ఎన్నింటికి, వాన వస్తే ఎక్కడ అని అడిగి, నా జవాబును నా చేతే రాయించారు. తిన్నదల్లా రాయమని ఒక నోటుపుస్తకం ఇచ్చారు. పగటి పద్దులన్నీ పొందికగా రాసి, రాత్రి తొమ్మిది తరువాతి గడి ఖాళీగా వదిలేశాను. ఆమె ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా నా వైపు చూశారు. మరుసటి వారం ఆ గడి నిండింది, ఆ పై వారం నుంచి బరువు కదలడం మొదలైంది.

ఒక్కొక్కరికీ ఒక శిక్షకుడంటే ఖర్చు ఎక్కువే, కాదనను. అందుకే మా బృందంలో లాగా పది పదిహేను మందిని కలిపి కూర్చోబెట్టే పద్ధతి చాలాచోట్ల వచ్చింది. ఇకమీదట ఈ విషయం రాసేటప్పుడు ఏం చేయాలన్నదే కాకుండా, ఎన్ని వారాల పాటు, ఎవరి పర్యవేక్షణలో, మధ్యలో మానేసినవారిని తిరిగి ఎలా రప్పిస్తారన్నది కూడా నిపుణుల చేత చెప్పించాలని నా మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు