ప్రవక్త పెదవులకు తాకిన నిప్పు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలోని వ్యాసం, బలిపీఠపు నిప్పును బైబిలు ప్రవక్తలందరూ భరించవలసిన శిక్షగా చిత్రించింది. యెషయా గ్రంథం 6వ అధ్యాయంలో, అపవిత్రమైన పెదవులు గలవాడినని వాపోయిన ప్రవక్త నోటికి సెరాపు అనే దేవదూత పట్టకారుతో తీసిన నిప్పును తాకించి, పాపం తొలగిందని ప్రకటించిన తరువాతే, ఎవరిని పంపాలన్న దేవుని స్వరం వినబడుతుంది. అది ఉజ్జియా రాజు మరణించిన సంవత్సరం. యాజకుడు కాకపోయినా ఆలయంలో ధూపం వేయబోయి కుష్ఠు పాలైన రాజు ఆయనే. ఆలయంలో రాజుకు శిక్ష, ప్రవక్తకు శుద్ధి: ఇంత గొప్ప వైరుధ్యాన్ని వ్యాసకర్త ఎందుకు వదిలేశారో! ఇక మరో ప్రవక్త యిర్మీయా నోటిని ముట్టింది యెహోవా చెయ్యి. అక్కడ నిప్పూ లేదు, పాపప్రస్తావనా లేదు. ప్రవక్త యెహెజ్కేలు దేవుని ఆజ్ఞపై తిన్న గ్రంథపు చుట్ట తేనెలా తియ్యగా ఉంది. అందరికీ ఒకటే శిక్ష అన్న మాట నిలవదు.

— ఒక పాఠకుడు, గుంటూరు